కరుణ సెర్చ్‌కి తెలుగు వచ్చు

చాలా ఏళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. మోసినంత కాలమూ తలెత్తుకునే తిరిగాను. తప్పు చేసినవాడు తల దించుకుంటాడని అంటారు గానీ నా విషయంలో అలా జరగలేదు. నా తప్పు నాకు పేరు తెచ్చింది. నలుగురిలో కుర్చీ వేయించింది. అందుకే దాన్ని దించుకోవడం ఇంత ఆలస్యమైంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఆ మాత్రం చాటు లేకపోతే ఈ మాట నా నోట రాదు. మధ్యలో నా గొప్ప నేనే చెప్పుకుంటాను, కాస్త ఓర్చుకోండి. నాకది పుట్టుకతో వచ్చిన గుణం, మా అమ్మ కూడా విసుక్కునేది. అయినా ఆ గొప్ప వినకపోతే ఈ తప్పు మీకు అర్థం కాదు.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనకాల, ఒక చీరల కొట్టు పై అంతస్తులో ఉంటుంది. చిన్న చిన్న రక్తపరీక్షల ల్యాబులు రిపోర్టులు తయారు చేసుకుని ప్రింటు తీసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ చేశాం. ఉచితం. ఎవరైనా దింపుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. పెద్ద ల్యాబులు సర్వీసు కోసం ఇచ్చే డబ్బుతో ఆఫీసు నడుస్తుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలన్నీ ఒక వెబ్‌సైట్‌లో పెట్టాం. డాక్యుమెంటేషన్ అంటాం. మొదట్లో పేజీలు తక్కువ. తర్వాత పెరిగాయి. పెరిగేకొద్దీ జనం చదవడం మానేసి మాకే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, ఎక్కడుందో దొరకడం లేదు సార్ అనేవారు. నిజమే. వెతికితే దొరకని పేజీ రాయనట్టే లెక్క.

అలా, మా సైటుకి మంచి సెర్చ్ పెట్టాలన్న మాట వచ్చింది. ఏది పెట్టాలన్న దగ్గరే అంతా జరిగింది.

మా ఆఫీసుకి పెద్ద మూర్తిగారు. గుంటూరు వైపు మనిషి. మా నాన్నావాళ్ళూ ఆ వైపు నుంచే వచ్చి మూసారాంబాగ్‌లో స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను. ఇంట్లో 'ఎలా' అంటూ, వీధిలో 'ఎట్ల' అంటూ పెరిగాను. మూర్తిగారికి ఒక అలవాటు ఉంది. ఆఫీసులో ఏ విషయం మీదైనా ఇద్దరికి పడకపోతే, ఆయన తీర్పు చెప్పరు. నిజంగా ల్యాబులో పనిచేసే మనిషిని ఒకర్ని పిలిపించి కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. ఆ మనిషి చేస్తుంటే మిగతావాళ్ళం వెనక నిలబడి నోరు మూసుకోవాలి. మాట సాయం చేస్తే ఊరుకోరు. ఆ మనిషికి ఏది కుదిరితే అదే ఖాయం. ఆ పద్ధతంటే నాకు ఎంతో గౌరవం. ఇప్పటికీ మా దగ్గర అదే నడుస్తోంది, నేనే నడిపిస్తున్నాను.

ఆ రోజుల్లోనే కరుణ వచ్చింది. నల్లగొండ వైపు పల్లె. ఊళ్ళో చర్చి పక్కనే ఇల్లని చెప్పేది. వాళ్ళ నాయిన లిఫ్టులు బాగుచేసే పని మీద ఈ ఊరు వచ్చి ఎల్.బి. నగర్‌లో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. కరుణను మూర్తిగారు తెలుగు పేజీలు రాయడానికి తీసుకున్నారు, ముందు కొన్నాళ్ళు ట్రయల్ మీద. బాగా చేస్తే సైటు మొత్తం తనకే అప్పగిస్తానన్నారు. సైటు పని నేర్పమని నాకు చెప్పారు. నేర్పాను. ఒక్కటి తప్ప అన్నీ నేర్పాను. ఆ ఒక్కటి గురించే ఇదంతా.

ఆమె రాసిన తెలుగు చూసి నేను మొదట నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది. నేనైతే 'ముద్రణలో అంతరాయం' అని రాసేవాణ్ణి. ఆమె 'ప్రింట్ వస్తలేదా? ముందుగాల ఈ వైరు చూడుండ్రి' అని రాసింది. ల్యాబువాళ్ళు ఫోనులో మాట్లాడే మాటే పేజీలో పెట్టింది. ఆ పేజీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చనివ్వలేదు నేను.

సరే, సెర్చ్. కరుణ ఒకటి తెచ్చింది, నేను ఒకటి తయారు చేశాను. ఆమెది ఒక కంపెనీవాళ్ళ సర్వీసు. వాళ్ళ యంత్రం మన సైటుకి వచ్చి, పేజీలన్నీ చదివి, తన దగ్గర పెట్టుకుంటుంది. మనం సగం మాట కొట్టేసరికి జవాబులు జలజలా రాలతాయి. అక్షరం తప్పు కొట్టినా అర్థం చేసుకుంటుంది. మాలాంటి ఉచిత ప్రాజెక్టులకి ఊరికే ఇస్తారు. నాది వేరు. ఒక చిన్న ఉచిత పనిముట్టు తీసుకుని దాని మీద నా తెలుగు తెలివి పోశాను. పేజీలు ఎక్కడ తయారవుతాయో అక్కడే, ఆ ఫైళ్ళ నుంచే, ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే సూచిక తయారవుతుంది. అది పేజీతో పాటే వాడేవాళ్ళ కంప్యూటర్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. నెట్ పోయినా పనిచేస్తుంది. జిల్లాల్లో ల్యాబులకి నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కదా.

తెలుగు మాటకి తోక ఉంటుంది. రిపోర్టు, రిపోర్టులో, రిపోర్టుకి, రిపోర్టులన్నీ. వెతికేవాడికి అన్నీ ఒకటే, యంత్రానికి అన్నీ వేరు. ఆ తోకలన్నీ కత్తిరించే పద్ధతి నేనే రాశాను. ఎలా అన్నా ఎట్ల అన్నా ఒకే చోటికి తీసుకెళ్ళేలా చేశాను. ఎవరూ చేయమనలేదు. ఆదివారాలన్నీ దానికే పెట్టాను. అది మొదటిసారి సరిగ్గా పనిచేసిన రోజు మేడ మీదకి వెళ్ళి ఒక్కణ్ణే కాసేపు తిరిగాను. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా కలగలేదంటే మా ఆవిడ ఇప్పటికీ మూతి తిప్పుకుంటుంది.

మా ఇద్దరికీ పడలేదు. పోట్లాడలేదు, కానీ పడలేదు. మూర్తిగారు మామూలుగానే అన్నారు, మనిషిని పిలుద్దామని. ఎవరి సెర్చ్ ఉంటే వాళ్ళే సైటు చూసుకుంటారని కూడా అన్నారు. నాకు ఆ మాట పెద్ద లెక్క కాదు. నా అసలు పని ప్రోగ్రాములు రాయడం, సైటు పోయినా నా ఉద్యోగం ఎక్కడికీ పోదు. కరుణకి మాత్రం సైటే ఉద్యోగం. ఇది నాకు అప్పుడే తెలుసు. తర్వాత తెలిసిందని చెప్పుకోవడానికి వీల్లేదు.

ఇప్పుడు నేను నేర్పని ఆ ఒక్కటి ఏమిటో చెప్పాలి. ప్రతి సైటు గుమ్మంలో ఒక చిన్న ఫైలు ఉంటుంది. బయటినుంచి వచ్చి పేజీలు చదువుకుపోయే యంత్రాలకి, ఇది చదవండి, అది చదవకండి అని అందులో రాస్తాం. మర్యాద తెలిసిన యంత్రాలన్నీ దాన్ని పాటిస్తాయి. కరుణ తెలుగు పేజీలు రాయడం మొదలుపెట్టినప్పుడు అవి సగం సగం ఉండేవి. రక్తపరీక్షల విషయంలో సగం రాసిన పేజీ ఎవరికైనా కనపడితే ప్రమాదం. అందుకని తెలుగు పేజీల జోలికి ఎవరూ రావద్దని ఆ ఫైలులో ఒక లైను రాశాను, దాన్నే గీత అంటున్నాను. అది మంచి పనే. నన్నడిగితే ఇప్పటికీ మంచి పనే అంటాను. పేజీలు పూర్తయ్యాక తీసేయాలి. మరిచిపోయాను. మరుపు కూడా తప్పేం కాదు.

నా సెర్చ్‌కి ఆ ఫైలుతో పని లేదు, అది లోపలి నుంచే చదువుకుంటుంది. కరుణ తెచ్చింది బయటినుంచి వస్తుంది. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆమెకి ఆ ఫైలు ఒకటుందనే తెలియదు. నేర్పాల్సినవాణ్ణి నేను.

యాదగిరి రావడానికి ముందురోజు మధ్యాహ్నం. యాదగిరి అంటే కర్మన్‌ఘాట్‌లో ఒక ల్యాబు టెక్నీషియన్, మర్నాడు మా ఆఫీసుకి తీర్పు చెప్పడానికి వచ్చే మనిషి. అందరూ భోజనాలకి వెళ్ళారు. కరుణ ల్యాప్‌టాప్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఇంగ్లీషు పేజీలన్ని మంచిగ దొరుకుతున్నయ్. తెలుగుయి ఒక్కటి గూడ ఒస్తలేదు. సర్వర్ల ఏమన్న ఆపి పెట్టిన్రా?"

ఆమె 'ఆపి పెట్టిన్రా' అన్న క్షణంలోనే నాకు ఆ గీత గుర్తొచ్చింది. అంతకుముందు లేదు, ఒట్టు. ఆ మాటతోనే కళ్ళముందుకి వచ్చింది.

"నేనేం ముట్టుకోలేదమ్మా," అన్నాను.

"మరెందుకైతుందో ఏందో. జర చూస్తరా?"

"దానికి తెలుగు సరిగ్గా రాదేమో కరుణా. బయటవాళ్ళవి చాలావరకు అంతే."

కాసేపు స్క్రీను వైపు చూసింది. "అట్లనేమో అన్నా," అని వెళ్ళిపోయింది.

అంతే. దాచింది ఇదే. ఇంతోటి దానికేనా ఈ ఉపోద్ఘాతం అంటారేమో. ఎన్నోసార్లు నేనూ అలాగే అనుకోబోయాను, కుదరలేదు.

ముట్టుకోలేదన్నది అక్షరాలా నిజమే. ఆ రోజు, ఆ వారం, నేను ఆ ఫైలు ముట్టుకోలేదు. నిజాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది. ఆ 'అమ్మా' అన్న పిలుపు ఎందుకు కలిపాను? మామూలుగా కరుణా అనే పిలుస్తాను. నమ్మించడానికా? జాలితోనా? రెండూ అయి ఉండవచ్చు. ఆమె అడిగినప్పుడు మొదట నా నోటిదాకా వచ్చింది 'అయ్యో, అది నేను పెట్టిన గీతేనమ్మా' అన్న మాట. దాంట్లోంచి ముందు ముక్క రాల్చేసి, చివర ఉన్న అమ్మను మాత్రం బయటికి వదిలానేమో. తెలియదు. మనసు ఏం చేసిందో పూర్తిగా చెప్పగలనని అనుకోను.

గీత తీసేయడానికి సాయంత్రం వరకు సమయం ఉంది. తీస్తే రాత్రికల్లా ఆ యంత్రం వచ్చి తెలుగు పేజీలన్నీ చదువుకునేది. నేను తీయలేదు. ఇంటికి వెళ్ళాను, అన్నం తిన్నాను, పడుకున్నాను. నిద్ర పట్టలేదని చెబితే మీకు నామీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుంది. పట్టింది.

మర్నాడు యాదగిరి వచ్చి కూర్చున్నాడు. మేమంతా వెనకాల నిలబడ్డాం. మొదట ఇంగ్లీషు మాటలు కొట్టాడు. కరుణది తళతళలాడింది. నాది కాస్త తడుముకుంది. మూర్తిగారు తల ఊపారు. తర్వాత యాదగిరి తెలుగుకి వచ్చాడు. 'ప్రింట్ ఒస్తలేదు' అని కొట్టాడు. నాది టక్కున పేజీ తెచ్చి ముందు పెట్టింది. కరుణ దాంట్లో ఏమీ రాలేదు. ఇంకో మాట కొట్టాడు. రాలేదు. ఇంకోటి. తెల్లటి స్క్రీను. ఆ పేజీలు రాసింది కరుణ. తను రాసిన పేజీలే తను తెచ్చిన సెర్చ్‌లో లేవు. ఆమె ముందుకు వంగి చూస్తోంది, ఏదో అనబోయి మూర్తిగారి నియమం గుర్తొచ్చి ఆగింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"మేడమ్‌దానికి తెలుగు రానట్టుంది గదా," అన్నాడు యాదగిరి నవ్వుతూ. చెడ్డగా అనలేదు. అందరూ నవ్వారు. కరుణ కూడా నవ్వింది. నేను కూడా.

ఆ మధ్యాహ్నమే ఆ సర్వీసు అకౌంటు మూసేయమని మూర్తిగారు చెప్పారు. కరుణే మూసేసింది. అందరూ ఇళ్ళకు వెళ్ళాక నేను ఆ గీత తీసేశాను. సాక్ష్యం మాపడానికే అని మీరనుకోవచ్చు. అదీ ఉంది. కానీ ఆమె రాసిన పేజీలు లోకానికి కనపడాలన్న కోరిక కూడా ఉంది, నమ్మితే నమ్మండి. అంత మంచి పేజీలు. మనిషిని ముంచి, ఆ మనిషి పనిని పైకి తేవాలని చూశాను. ఇదెక్కడి న్యాయమో నాకే అర్థం కాదు.

ట్రయల్ ముగిశాక, సైటుకి ఒక మనిషి చాలు కదా అన్నారు మూర్తిగారు. ఆ ఒక్క మనిషి నేను. ఆయన కరుణతో మర్యాదగానే మాట్లాడారు. వెళ్ళేరోజు ఆమె నా దగ్గరికి వచ్చి, చాలా నేర్పిన్రు అన్నా, అంది. ఇక్కడ నా గర్వం గురించి ఏమీ చెప్పను. ఆ రోజు లేదు.

మర్నాటి నుంచి ఆ గర్వం మళ్ళీ వచ్చింది. రావడానికి కారణాలు కూడా ఉన్నాయి. నా సెర్చ్ నిలబడింది. ఎక్కడెక్కడి ల్యాబుల నుంచో ఫోన్లు తగ్గాయి. ఒకాయన పనిగట్టుకుని ఫోన్ చేసి, పొద్దున్నుంచి నెట్ లేదు, అయినా మీ సెర్చ్ పెట్టె జవాబు చెప్పింది సార్ అన్నాడు. ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నానో. వేరే ప్రాజెక్టులవాళ్ళు వచ్చి నా పద్ధతి అడిగి తీసుకెళ్ళారు. మీటింగుల్లో మాట్లాడమని పిలిచారు. మా సైటులో 'సెర్చ్ ఎలా ఎంచుకున్నాం' అని ఒక పేజీ రాశాను, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. బాగా రాశాను. అందులో ఒక వాక్యం: మేము పరీక్షించిన బయటి సర్వీసు తెలుగు పేజీలను వెతకలేకపోయింది. మీటింగుల్లో ఈ వాక్యానికి యాదగిరి మాట కూడా జోడించేవాణ్ణి. హాలంతా నవ్వేది. నవ్విన ప్రతిసారీ ఆ మాట నాకు ఇంకాస్త నిజమయ్యేది. కొన్నాళ్ళకి ఆ గీత నేను పెట్టలేదేమో, ఆ సర్వీసుకి నిజంగానే తెలుగు రాదేమో అనిపించే దాకా వెళ్ళాను.

ఎప్పుడైనా మనసు గుచ్చితే ఒక్కటే జవాబు చెప్పేవాణ్ణి. గీత తీసినా నేనే గెలిచేవాణ్ణి. ఎందుకంటే నాదే మంచిది. దాంతో నోరు మూసుకునేది. ఏళ్ళపాటు నన్ను నిలబెట్టింది ఆ ఒక్క జవాబే.

ఈ మధ్య ఒక ఉత్తరం వచ్చింది. పల్లెటూరి గ్రంథాలయాల కోసం ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తున్న కొందరు పిల్లలు రాశారు. వాళ్ళ సైటుకి సెర్చ్ ఎంచుకుంటున్నారట. నా పేజీ చదివి ఆ సర్వీసు వద్దనుకున్నారట. కానీ వాళ్ళలో ఒకరు, మేము పరీక్ష పెట్టిన రోజుల నుంచీ, అదే సర్వీసు ఇంకో తెలుగు సైటులో వాడుతున్నారట, ఎప్పుడూ తెలుగు దొరక్కపోవడమన్నది లేదట. మీరు ఎలా పరీక్షించారో చెబుతారా అని అడిగారు. ఎంతో వినయంగా అడిగారు.

'అప్పట్లో రాలేదు, ఇప్పుడు బాగుపడిందేమో' అని జవాబు రాయడం మొదలుపెట్టాను. ఎంత చక్కటి అబద్ధం. ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ ఆ వాక్యం మధ్యలో నా గర్వం అడ్డొచ్చింది. మనస్సాక్షి కాదు, గర్వమే. తెలుగు దొరుకుతోందా? దొరకనీ. నా దాని ముందు ఎంతసేపు నిలుస్తుందో చూద్దాం అనుకున్నాను. కొత్తగా అకౌంటు తెరిచి, మా పేజీలన్నీ దానికి చదివించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

'ప్రింట్ ఒస్తలేదు' అని కొట్టాను. కరుణ పేజీ, పైనే.

యాదగిరి ఆ రోజు కొట్టిన మాటలు గుర్తున్నంతవరకు అన్నీ కొట్టాను. దొరికాయి. ఒక మాట అక్షరం తప్పు కొట్టాను, ల్యాబువాళ్ళు హడావిడిలో కొట్టినట్టు. నాది చేతులెత్తేసింది. అది తెచ్చి పెట్టింది. అప్పుడు నెట్ తీసేశాను. అది పడిపోయింది, నాది నిలబడింది. చూశావా అనుకున్నాను. అనుకున్నాను గానీ మునుపటిలా ఆ మాట లోపల కూర్చోలేదు. యాదగిరి ఆ రోజు దేన్ని ఎంచుకునేవాడు? నెట్ పోయినా పనిచేసేదాన్నా, తప్పు కొట్టినా అర్థం చేసుకునేదాన్నా? నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశం నేనే లేకుండా చేశాను. ఏళ్ళ తరబడి గెలిచానని తిరిగాను, అసలు పోటీయే జరగలేదు.

ఆ పిల్లలకి ఉన్నదున్నట్టు రాశాను. మా సైటులో ఆ పేజీ దిద్దాను. బయటి సర్వీసు తెలుగు పేజీలను చదవకుండా మేమే ఆపి ఉంచామని, అది తెలిసీ నేను పరీక్ష జరగనిచ్చానని, పేజీలు రాసిందీ ఆ సర్వీసును ఎంచుకుందీ ఒకే మనిషని రాశాను. మూర్తిగారు ఇప్పుడు పని మానేసి ఇంటి పట్టునే ఉంటున్నారు. ఫోన్ చేసి చెప్పాను. ఆ అమ్మాయికి చెప్పావా అని అడిగి పెట్టేశారు.

కరుణ ఎల్.బి. నగర్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో బిల్లుల కౌంటరులో పనిచేస్తోంది. మా దగ్గర మానేశాక ఎక్కడా పేజీలు రాయలేదట. డ్యూటీ దిగే వేళకి వెళ్ళాను. మెట్రో స్తంభాల కింద టీ బండి దగ్గర నిలబడ్డాం. బస్సుల మోతలో గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి మాట గట్టిగా చెప్పడం ఎంత కష్టమో. గీత దగ్గర మొదలుపెట్టి ఏదీ వదలకుండా చెప్పాను. ఆమె టీ తాగలేదు. గ్లాసు పట్టుకునే ఉంది.

"అంటే, నా పేజీలు అది చూడనే లేదు," అంది.

"చూడలేదు."

"ఇప్పుడు చూస్తే?"

"దొరికాయి. యాదగిరి కొట్టిన మొదటి మాటకే. అన్నిటికన్నా పైన వచ్చింది."

అటు రోడ్డు వైపు తిరిగింది. అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్ళే బస్సొకటి ఆగి కదిలిపోయింది.

"ఇంటికాడ నాయినకు చెప్పిన అన్నా, నాకే చాత కాలేదని. గా పని నాకు రాదని చెప్పిన. ఇన్నేండ్లు ఆయన గదే అనుకున్నడు. నేను గూడ."

క్షమించు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది కూడా ఆమెనే ఇమ్మని అడగడం న్యాయం కాదనిపించి మింగేశాను. ఆమె గ్లాసు బండి మీద పెట్టింది. వస్తానని గానీ, ఫర్వాలేదని గానీ అనలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని రోడ్డు దాటింది. దాటాక ఒకసారి ఫోను తీసింది, మా సైటే చూస్తోందేమో, నాకు తెలియదు. తర్వాత వాళ్ళ ఇంటి సందులోకి తిరిగింది.

నాకు ఎవరూ శిక్ష వేయలేదు, ఎవరూ మాఫీ చేయలేదు. అయినా ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వచ్చాను. తేలిగ్గా ఉంది. చెప్పేశాను, అంతే, దానికే అంత తేలిక. మీకు ఇదంతా చెబుతున్నదీ ఆ తేలిక కోసమే కావచ్చు. సెర్చ్ మాత్రం బాగా కట్టాను, ఆ మాట వెనక్కి తీసుకోను. మొన్న తప్పిన ఆ తప్పక్షరం సంగతి కూడా సరిచేశాను. ఇప్పుడు దొరుకుతుంది, కావాలంటే కొట్టి చూడండి.

కరుణ ఆ సాయంత్రం వాళ్ళ నాయినకు చెప్పే ఉంటుంది. నా పని బాగుండె నాయినా, నాకు చాతనయ్యె అని చెప్పి ఉంటుంది. విని ఆ పెద్దాయన నన్ను ఏమన్నాడో తెలియదు. ఏమన్నా పడతాను.